ముందే చెబితే సగం భయం దూరం: ఆటిజం ఉన్న చిన్నారితో అరకు ప్రయాణం

విశాఖపట్నం: కార్తిక మాసం వచ్చిందంటే విశాఖ రైల్వేస్టేషన్‌లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలులో కిటికీ పక్క చోటు కోసం కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. పులిహోర డబ్బాలు, స్వెట్టర్లు, పిల్లల కేరింతలతో ప్లాట్‌ఫారం నిండిపోతుంది. ఈ సందడిలో కొన్ని కుటుంబాలు మాత్రం ఎన్నడూ కనిపించవు. ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే ఊరు దాటి వెళ్లాలన్న ఆలోచననే తల్లిదండ్రులు క్రమంగా మానుకుంటారు. మొదట విహారయాత్రలు ఆగిపోతాయి. తరువాత పెళ్లిళ్లు, ఆపై బంధువుల ఇళ్లకు రాకపోకలు. చివరకు ఆ బిడ్డ అక్కో, తమ్ముడో కూడా సెలవులన్నీ ఇంటి గోడల మధ్యే గడపాల్సి వస్తుంది.

ఈ భయం నిరాధారమైనది కాదు. కానీ జయించరానిదీ కాదు. యాత్ర చెడిపోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఆ ప్రదేశం కాదు, ఏం జరగబోతోందో బిడ్డకు ఎవరూ ముందుగా చెప్పకపోవడం. పిల్లవాడికి మాటలు రావు కదా, చెప్పినా ఏం అర్థమవుతుందని పెద్దలు అనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతోంది.

మార్పంటే ఎందుకంత బెదురు?

ఆటిజం వ్యాధి కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు తొలిసారి 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించినప్పుడే, వారందరిలోనూ కనిపించిన ఒక లక్షణాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అంతా నిన్నటిలాగే ఉండాలన్న పట్టుదల అది. రోజూ వెళ్లే దారి మారినా, పళ్లెం మారినా ఆ పిల్లలు తల్లడిల్లిపోయేవారు. దీనికి ఇంద్రియాల తీరు తోడవుతుంది. మనకు మామూలుగా వినిపించే రైలు కూత కొందరికి చెవిలో సూది గుచ్చినట్లు ఉంటుంది. కొత్త చొక్కా మెడపట్టీ రోజంతా గీరుకుపోతూనే ఉంటుంది. వాసన, వెలుతురు, ఎదుటివారి స్పర్శ, దేనికి ఎవరు ఎంత స్పందిస్తారన్నది ఒక్కొక్కరిలో ఒక్కో విధం. కొందరు శబ్దానికి బెదిరితే, కొందరు శబ్దం కోసమే వెంపర్లాడతారు.

మామూలు పిల్లలకు విహారయాత్రలో నచ్చేది కొత్తదనం. కొత్త మంచం, కొత్త తిండి, కొత్త మనుషులు. ఆటిజం ఉన్న బిడ్డకు కష్టమయ్యేది సరిగ్గా అదే. ఇంత తేడాను గుర్తించకుండా అందరితోపాటు బయలుదేరదీస్తే ఆ బిడ్డ తట్టుకోలేడు. కింద పడి దొర్లుతాడు, చెవులు మూసుకుంటాడు, తలను గోడకు కొట్టుకుంటాడు, లేదా పరుగెత్తుతాడు. చూసేవారికి ఇది గారాబంతో చేసే అల్లరిగా కనిపిస్తుంది. రెండింటికీ పోలిక లేదు. బొమ్మ కోసం ఏడ్చే పిల్లవాడు బొమ్మ చేతికిస్తే ఊరుకుంటాడు, మధ్యమధ్యలో అమ్మ చూస్తోందో లేదో ఓరకంట గమనిస్తాడు. భరించలేక కుప్పకూలిన పిల్లవాడు ఎవరినీ గమనించడు, ఏమిచ్చినా ఊరుకోడు. వాణ్ణి కొట్టడం వల్లగానీ, బుజ్జగించి లంచమివ్వడం వల్లగానీ ప్రయోజనం ఉండదు. శబ్దం, జనం తగ్గాలి, కొంత సమయం గడవాలి.

రైలే ఎందుకు?

గాజువాకలో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగి, తల్లి గృహిణి. పెద్దమ్మాయి ఏడో తరగతి. తొమ్మిదేళ్ల బాబుకు ఆటిజం. నాలుగైదు మాటలకు మించి రావు. అక్కకు అరకు చూడాలని మూడేళ్లుగా కోరిక. తరగతిలో అందరూ చూసివచ్చారు. ఈ కుటుంబం ఎలా సిద్ధం కావాలి?

మొదటి ప్రశ్న రైలా, కారా అన్నది. కారులో అయితే ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు, ఎవరూ వింతగా చూడరు. అయితే శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పితే చెప్పుకోలేని పిల్లవాడికి అది నరకం. రైలులో ఆ బాధ లేదు. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి రైలంటే ప్రాణం. ఒకే లయలో సాగే ఊపు, తిరిగే చక్రాలు, వరుస తప్పకుండా వచ్చే స్టేషన్లు వారికి హాయినిస్తాయి. కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు అంటూ స్టేషన్ల పేర్లను వరుసగా వల్లించే పిల్లలు కూడా ఉంటారు. ఇతరులతో రెండు మాటలు కలపలేని బిడ్డ ఈ జాబితాను పొల్లుపోకుండా అప్పజెప్పడం చూసి బంధువులు ముక్కున వేలేసుకుంటారు.

రైలులో ఒక గండం మాత్రం ఉంది. కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. శివలింగపురం దాటి కొండ ఎక్కుతున్నకొద్దీ అవి ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. బండి సొరంగంలోకి దూరగానే బోగీ చీకటవుతుంది, చక్రాల మోత రెట్టింపవుతుంది. దానికితోడు ప్రయాణికులంతా ఒక్కసారిగా ఈలలు, కేకలు వేస్తారు. ఈ మార్గంలో ఇది ఏళ్ల నాటి వేడుక. అక్కకు అదే సరదా. తమ్ముడికి ఉన్నట్టుండి వెలుతురు పోయింది, చుట్టూ అరుపులు మొదలయ్యాయి, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. మొదటి సొరంగంలోనే వాడు కుప్పకూలితే మిగిలిన ప్రయాణమంతా తల్లికి కన్నీళ్లే.

బొమ్మల పుస్తకంతో మొదలు

సిద్ధం కావడానికి కనీసం రెండు వారాలు కావాలి. ఖర్చు పెద్దగా లేదు. ఒక చిన్న నోటు పుస్తకం, కొన్ని ఫొటోలు చాలు. మొదటి పేజీలో ఇల్లు. తరువాత ఆటో, స్టేషన్, రైలు, సొరంగం, అరకులో బస చేసే గది, అక్కడి మంచం, మళ్లీ రైలు. చివరి పేజీలో తప్పనిసరిగా ఇల్లు ఉండాలి. చాలామంది ఈ చివరి పేజీనే మరచిపోతారు. ఇంటికి తిరిగి వస్తామన్న సంగతి మనకు చెప్పనక్కరలేదు, ఆ బిడ్డకు మాత్రం ఎవరో ఒకరు చెప్పి తీరాలి. ఒక్కో బొమ్మ కింద ఒక్కో చిన్న వాక్యం రాసి రోజూ పడుకునే ముందు ఒకే విధంగా చదివి వినిపించాలి. ఇటువంటి కథలను 1990 దశకంలో అమెరికాలో కరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు ప్రాచుర్యంలోకి తెచ్చారు. నేడు మన దేశంలోని ప్రత్యేక పాఠశాలల్లోనూ వాడుతున్నారు. మాటలు రాని పిల్లలకు కూడా బొమ్మలు అర్థమవుతాయి. మాట చెవిన పడి మాయమవుతుంది, బొమ్మ అలాగే నిలిచి ఉంటుంది.

సొరంగాన్ని ఇంట్లోనే సాధన చేయించవచ్చు. రాత్రివేళ ‘సొరంగం వస్తోంది’ అని చెప్పి దీపం ఆర్పాలి. ఒకటి నుంచి పది వరకు లెక్కించి మళ్లీ వెలిగించాలి. నాలుగు రోజులయ్యాక ఇరవై వరకు, ఆపై ముప్పై వరకు. చీకటి ఎంతసేపున్నా అంకెలతో ముగుస్తుందన్న నమ్మకం బిడ్డకు కలగాలి. ఆ తరువాత ఫోనులో రైలు శబ్దాన్ని తక్కువ స్థాయిలో వినిపిస్తూ లెక్కించాలి. యంత్రాల దగ్గర పనిచేసేవారు చెవులకు పెట్టుకునే రక్షణ కప్పులు ఇనుప సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని ఇంట్లో రోజూ కొద్దిసేపు అలవాటు చేయాలి. ప్రయాణం నాడు తొలిసారి పెడితే వాటినే విసిరికొడతాడు.

వీలైతే ఒక ఆదివారం ఇదే రైలు మార్గంలో కొత్తవలస దాకా వెళ్లి రావడం మంచిది. సొరంగాలు లేని గంటలోపు ప్రయాణం. టికెట్ కౌంటరు, మెట్లు, అనౌన్స్‌మెంటు మోత, ఎక్కడం దిగడం అన్నీ తెలిసొస్తాయి. రైలు మరుగుదొడ్డిని కూడా అప్పుడే చూపించాలి. ఊగే నేల, కింద మోత, ఇంట్లో లేని వాసన... ఈ ఒక్క కారణంతో గంటల తరబడి బిగబట్టుకుని కూర్చునే పిల్లలున్నారు. అలాంటి బిడ్డకు వయసుతో నిమిత్తం లేకుండా డైపరు వేయడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ప్రయాణం నాడు

తిండి విషయంలో పట్టుదల పనికిరాదు. పెరుగన్నం, ఫలానా బిస్కెట్టు తప్ప మరేదీ ముట్టని పిల్లవాడు అరకులో బొంగులో చికెన్ తింటాడని ఆశించడం అత్యాశే. ఆ రెండింటినీ ప్రయాణం ముగిసేదాకా సరిపడా పట్టుకెళ్లాలి. ఇంటి దుప్పటి, తలగడ, నీళ్లు తాగే గ్లాసు కూడా. సామాను పెరుగుతుందని తండ్రి గొణిగినా, కొత్త గదిలో ఆ బిడ్డకు నిద్ర పట్టించేది ఆ పాత దుప్పటే. మూర్ఛ లేదా ఇతర మందులు వాడుతుంటే చేతిసంచిలో ఉంచుకుని, ఇంట్లో వేసే వేళకే వేయాలి. ప్రయాణంలో నిద్రపుచ్చడానికని వైద్యుడు చెప్పని మందు వేయడం ప్రమాదకరం.

రైలు ఆలస్యం కావచ్చు. ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బండ్లు ఎక్కువగా తిరిగే మార్గం ఇది. దారి ఇవ్వడానికి బండి ఎక్కడైనా ఆగిపోవచ్చు. బొమ్మల పుస్తకంలో ‘ఆగాం, ఎదురుచూస్తున్నాం’ అన్న పేజీ ఒకటి అదనంగా ఉంటే, అనుకోనిది కూడా పుస్తకంలో ఉన్నదే అవుతుంది. గడులు గీసిన కాగితం, పెన్సిలు బాబు చేతికిచ్చి సొరంగం దాటిన ప్రతిసారీ ఒక గడి కొట్టేయమనవచ్చు. రెండు మూడు గడులు నిండేసరికి సొరంగం భయపెట్టే వస్తువు కాకుండా లెక్కపెట్టే వస్తువుగా మారిన సందర్భాలు ఉంటాయి. మారకపోతే కప్పులు చెవులకు పెట్టి, దుప్పటి కప్పి, గట్టిగా హత్తుకుని కూర్చోవడమే మార్గం. గట్టి పట్టు చాలామంది పిల్లలకు ఊరటనిస్తుంది. స్పర్శ గిట్టని బిడ్డకు మాత్రం దూరంగా ఉండడమే ఊరట. ఇది తల్లికి తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు.

ఎదుటి బెర్తులోని వారితో రైలు కదిలే ముందే మాట్లాడడం ఎంతో మేలు చేస్తుంది. ‘అమ్మా, మా బాబుకు ఆటిజం ఉంది. గట్టిగా అరిస్తే భయపడతాడు, కాసేపటికి సర్దుకుంటాడు’ అని నాలుగు ముక్కలు చెబితే చాలు. చెప్పడానికి నోరు రాకపోతే అదే తెలుగులో ఒక కార్డు మీద రాసి ఇవ్వవచ్చు. సొరంగాల దగ్గర ఆ బోగీ అంతా కాకపోయినా ఆ నాలుగు సీట్లవారైనా గొంతు తగ్గిస్తారు. బ్రిటన్‌లోని గాట్విక్ విమానాశ్రయం 2016లో ఇలాంటి ప్రయాణికుల కోసం పొద్దుతిరుగుడు పువ్వు గుర్తున్న మెడపట్టీని ప్రవేశపెట్టింది. అది కనిపిస్తే సిబ్బంది ఓపికతో మసలుకుంటారు. ప్యాసింజరు బోగీలో అంత ఏర్పాటు లేదు గనుక నోటిమాటే దిక్కు.

తోటి ప్రయాణికులు చేయగలిగింది స్వల్పమే. తేరిపార చూడకుండా ఉండడం, సలహాలివ్వకుండా ఉండడం, ఫోనులో చిత్రీకరించకుండా ఉండడం. ‘దిష్టి తీయించలేదా’, ‘నాలుగు తగిలిస్తే దారికొస్తాడు’ అన్న మాటలు సొరంగం కన్నా ఎక్కువగా ఆ తల్లిని చీకట్లోకి నెడతాయి.

అందరూ అన్నీ చూడనక్కర్లేదు

అరకు వెళ్లినవారంతా బొర్రా గుహలు చూడాలనుకుంటారు. లోపలి దృశ్యం అద్భుతమే. కానీ తడిసిన మెట్లు, గబ్బిలాల వాసన, రంగురంగుల దీపాలు, ప్రతి మాటకూ ప్రతిధ్వని, వెనుక నుంచి తోసుకొచ్చే జనం. ఇటువంటి బిడ్డకు ఇంతకు మించిన పరీక్ష లేదు. కుటుంబమంతా కలిసి వెళ్లాలన్న నియమాన్ని ఇక్కడ సడలించుకోవాలి. తల్లి, కూతురు లోపలికి వెళితే తండ్రి, కొడుకు బయట చెట్టు నీడన కూర్చోవచ్చు. గేటు దాకా వచ్చి లోపలికి వెళ్లకపోవడమా అని బాధపడనవసరం లేదు. బయటి రాళ్లను వరుసగా పేర్చుకుంటూ గడిపిన అరగంట వాడికి నిజమైన విహారం. ఆ అరగంటలో కూతురికి మాత్రం చాలాకాలానికి అమ్మ ఒక్కతే పూర్తిగా దొరుకుతుంది. ఆటిజం ఉన్న బిడ్డ తోబుట్టువులకు ఇది అరుదుగా దక్కే సంగతి.

ఒక రోజుకు ఒకే చూడదగిన చోటు పెట్టుకోవడం మంచిది. గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, కాఫీ తోటలు అన్నీ ఒక్క పూటలో చుట్టేసే ప్యాకేజీ ఇలాంటి కుటుంబాలకు సరిపడదు. తోటల్లో జనం పలుచగా ఉండే ఉదయపు వేళను ఎంచుకోవాలి. థింసా నృత్యం డప్పుల మోతతో సాగుతుంది గనుక దూరం నుంచి చూపించి, వాడు ముందుకు లాగితేనే దగ్గరకు తీసుకెళ్లాలి. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియంలోనైనా ఇదే జాగ్రత్త. ఇరుకైన ఆ దారిలో సగం దూరం వెళ్లాక వెనక్కు తిరగడం కష్టం.

నీటి దగ్గర ఏమరపాటు వద్దు

ఇంతవరకు చెప్పినవన్నీ ఇబ్బందులు మాత్రమే. ప్రాణం మీదకు వచ్చేది ఒకటుంది. ఆటిజం ఉన్న పిల్లలు ఉన్నట్టుండి చేయి విడిపించుకుని వెళ్లిపోతారు. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్లు దాటిన తరువాత ఒక్కసారైనా అలా వెళ్లిపోవడానికి ప్రయత్నించినవారు దాదాపు సగం మంది ఉన్నట్టు తేలింది. వెళ్లేది ఎక్కడికంటే, చాలాసార్లు నీటి దగ్గరకే. మెరుస్తూ కదిలే నీరు వారిని కట్టిపడేస్తుంది. ప్రమాదమన్న ఎరుక ఉండదు. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో అక్కడి మరణాల రికార్డులను పరిశీలించగా, ఆటిజం ఉన్న బాలలు నీట మునిగి చనిపోయే ముప్పు ఇతర బాలల కన్నా 160 రెట్లు అధికంగా కనిపించింది.

అందువల్ల చాపరాయి వంటి చోట్ల, జలపాతాల దగ్గర, విశాఖ తీరంలో ‘అందరం చూస్తూనే ఉన్నాం’ అన్న ధీమా పనికిరాదు. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదనే అర్థం. ఈ అరగంట నాన్న, తరువాతి అరగంట అమ్మ అని వంతులు పెట్టుకుని, వంతు ఉన్నవారు ఫోను ముట్టకూడదు. అక్కకు ఈ కాపలా అప్పగించడం తగదు. ఆమె కూడా పిల్లే. బస చేసే చోటు ఎంచుకునేటప్పుడు దగ్గర్లో చెరువు, ఈతకొలను ఉన్నాయేమో ముందే అడగాలి. గది తలుపుకు పైగడియ ఉందో లేదో చూడాలి. లేకపోతే తలుపుకు చిన్న గంట కట్టుకోవడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది.

బయలుదేరే ఉదయం బాబును ఆ రోజు వేసుకున్న దుస్తులతో ఫొటో తీసి ఫోనులో ఉంచుకోవాలి. ముదురు పసుపో, నారింజో అయితే గుంపులో సులువుగా కనిపిస్తాడు. పేరు చెప్పలేని బిడ్డ జేబులో, మణికట్టు పట్టీపై తల్లిదండ్రుల ఫోను నంబరు ఉండాలి. కనిపించకపోతే మొదట నీరున్న వైపు పరుగెత్తాలి, ఆ తరువాతే మిగిలిన దిక్కులు. రైలులో, స్టేషన్‌లో అయితే 139కి, ఎక్కడైనా 112కు, తప్పిపోయిన పిల్లల కోసం 1098కి ఫోను చేయవచ్చు.

చేతిలో ఉండాల్సిన కాగితాలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. అంతకు ముందు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం పరిధిలోనూ ఇది ఉంది. తీవ్రతను కొలవడానికి దేశమంతటా వాడే 40 అంశాల కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే రూపొందింది. నాడు జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా పేరొందిన ఆ సంస్థ ఇప్పుడు మేధో దివ్యాంగజనుల సాధికారత సంస్థగా పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరాల ద్వారా ధ్రువపత్రం పొందవచ్చు.

తోడు లేనిదే ప్రయాణించలేని మేధో వైకల్యం ఉన్నవారికి, వారి వెంట వచ్చే ఒకరికి రైల్వే రాయితీ ఇస్తోంది. రెండో తరగతి, స్లీపరు, మూడో శ్రేణి ఏసీలలో 75 శాతం, మొదటి, రెండో శ్రేణి ఏసీలలో 50 శాతం. ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్న పిల్లలకు ఇది ఉపకరిస్తుంది. ధ్రువపత్రం రైల్వే నిర్దేశించిన నమూనాలో ఉండాలి. కౌంటరు దగ్గరకు వెళ్లాక ఈ సంగతి తెలిసి వెనుదిరగకుండా ముందే సరిచూసుకోవాలి. ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని వెనుకాడే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ఆ కాగితం దాచుకోవడానికి కాదు, క్యూలోనూ బోగీలోనూ చూపించడానికి.

ఇంత చేసినా ప్రయాణం మధ్యలో మానుకోవాల్సి రావచ్చు. బొర్రాలోనే దిగిపోయి టాక్సీలో వెనక్కు రావడానికి తగిన డబ్బు విడిగా పెట్టుకుంటే ఆ నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది. రెండు రోజుల యాత్రను ఒక్క రోజుకు కుదించుకున్నా నష్టం లేదు, వచ్చే ఏడాది మరికొంత దూరం వెళ్లవచ్చు. తిరిగొచ్చాక రెండు మూడు రోజులు నిద్ర, తిండి గాడి తప్పడం మామూలే. అందుకే బడి తెరిచే ముందు రోజు కాక, దానికి రెండు రోజుల ముందే ఇల్లు చేరేలా చూసుకోవాలి. బొమ్మల పుస్తకాన్ని మాత్రం పారేయకుండా, అరకులో తీసిన ఫొటోలను అందులోనే అతికించి వాడికి అందే ఎత్తులో ఉంచాలి. వాడు మళ్లీ మళ్లీ తిరగేసే పేజీ ఏదో గమనిస్తే తరువాతి యాత్ర ఎక్కడికన్నది అక్కడే తెలుస్తుంది.